వీపు మీద ఎర్రటి చెయ్యి

రండి, రండి. ఇంకాస్త ముందుకు జరగండి. వెనకే ఉండిపోతే సగం వినపడక, తర్వాత ‘ఏమైంది, ఏమైంది’ అని పక్కవాళ్లను గిల్లుతారు. సంచులు గోడవారగా పెట్టి, బాసింపట్టు వేసుకుని కూర్చోండి. ఆ, అలాగ. ఇక వినండి.

జీడికొండ మీద ఉన్న ఒక చిన్న విశ్వవిద్యాలయంలో పైడితల్లి అనే అమ్మాయి చదువుతుండేది. ఆమె గాలిలా పరిగెత్తేది గానీ, చేతికొచ్చిన పని ఇంకొకరికి అందించమంటే మాత్రం ప్రాణం ఉసూరుమనేది.

పిసినారి అనుకునేరు, కాదు. అడిగితే పుస్తకం ఇచ్చేది, గొడుగిచ్చేది, చివరికి కాళ్లకున్న చెప్పులు కూడా ఇచ్చేది. పని ఒక్కటే ఇచ్చేది కాదు. హాస్టల్లో పులిహోర కలపడానికి కూర్చుంటే గరిటె ఇంకొకరి చేతికి వెళ్లేది కాదు. ముగ్గు మొదలుపెడితే చివరి గీత దాకా తనే గీసేది. “నేను చేస్తేనే సరిగ్గా అవుతుంది, ఉండండి” అనేది. నడుం పట్టేసి నేల మీద కూలబడితే మిగతావాళ్లు లేపి కూర్చోబెట్టేవారు. అయినా గరిటె వదిలేది కాదు.

ఆ విశ్వవిద్యాలయం ఎంత చిన్నదంటే, బస్సు కండక్టరు కూడా దాని పేరు పిలిచేవాడు కాదు. “జీడితోట దిగేవాళ్లు దిగండి” అనేవాడు. చుట్టూ జీడిమామిడి తోటలు, మధ్యలో నాలుగు మేడలు, వాటి ముందు ఎర్రమట్టి మైదానం. ఆ మట్టి ఎలాంటిదంటే, చెయ్యి ఆనిస్తే అంటుకుంటుంది, ఉతికినా ఓ పట్టాన వదలదు.

ఆ మైదానంలో అమ్మాయిలు ఖోఖో ఆడేవారు. మీరూ ఆడతారు కదా, ఆట మీకు తెలిసిందే. ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి వరసగా కూర్చుంటారు. తొమ్మిదో మనిషి తరుముతుంది. పారిపోయేవాళ్లు వరసలో ఎక్కడైనా దూరి అవతలికి పోవచ్చు. తరిమే మనిషికి ఆ వీలు లేదు, వెనక్కి తిరిగే వీలూ లేదు. చివరున్న స్తంభం దాకా పోయి చుట్టి రావాలి. లేదంటే తనకు వీపు పెట్టి కూర్చున్న మనిషిని వెనక నుంచి తట్టి ‘ఖో’ అనాలి. అప్పుడు ఆ మనిషి లేచి అవతలి పక్కకు దూకి తరుముతుంది, తట్టిన మనిషి ఆ చోట కూర్చుంటుంది.

వాళ్ల ఆట బట్టలు తెల్లనివి. మలుపు తిరిగేటప్పుడు తరిమే అమ్మాయి నేల మీద చెయ్యి ఆనిస్తుంది కదా, ఆ చేత్తో వీపు తడితే తెల్ల చొక్కా మీద ఎర్రగా అయిదు వేళ్లూ పడేవి.

అలాంటి చొక్కా ఒకటి ఆ విశ్వవిద్యాలయం నడవాలో, గాజుపెట్టెలో, వీపు ఇటు తిప్పి ఉండేది. దాని మీద ఎర్రటి చెయ్యి గుర్తు. నాలుగు వేళ్లు తిన్నగా ఉండేవి, చిటికెన వేలు మాత్రం అలిగి దూరంగా జరిగినట్టు పక్కకు వంగి ఉండేది. కింద ‘మన మొదటి విజయం’ అని రాసి ఉండేది. అంతే, పేరు లేదు. విశ్వవిద్యాలయం పెట్టిన ఏడాదే అమ్మాయిలు పెద్ద పెద్ద జట్లను ఓడించి కప్పు తెచ్చారట. ఆ తర్వాత మళ్లీ తెచ్చింది లేదు.

పైడితల్లి రోజూ ఆ పెట్టె ముందు ఆగేది. అడగకుండా ఉండలేకపోయేది.

“ఆ చెయ్యి ఎవరిది సార్?” అని ఓసారి లైబ్రేరియన్ గారిని అడిగింది.

“అప్పటి వీసీ గారిదమ్మా. భేష్ అని వీపు తట్టారు. అచ్చు పడిపోయింది” అన్నాడాయన.

క్యాంటీన్ అప్పారావును అడిగితే, “దిష్టి తగలకుండా ఎవరో ఎర్రనీళ్లలో చెయ్యి ముంచి వేశారమ్మా. మా ఇంటి గుమ్మానికీ ఉంది” అన్నాడు.

ఆట నేర్పే సన్యాసిరావు మాస్టారిని అడిగితే ఆయన నవ్వి, “నేనొచ్చేటప్పటికే ఉందది. అయినా ఖో ఆడేదానివి నువ్వు. నీకు తెలియంది నాకేటి తెలుస్తుంది?” అన్నాడు.

ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. ఆ చొక్కా అప్పటి జట్టు నాయకురాలు గౌరీశ్వరిది. చివరి మనిషిని తరిమి గెలిపించింది ఆవిడే కాబట్టి చొక్కా ఆవిడదే అయ్యుంటుందని అందరి లెక్క. పైడితల్లి కూడా అదే నమ్మింది. ‘దాని పక్కన నా చొక్కా ఉండాలి’ అని మనసులో గట్టిగా అనుకుంది. రాత్రి కలలో కూడా ఆమెకు గాజుపెట్టే కనిపించేది.

ఆ కోరికకు తగ్గట్టే రోజులు కలిసొచ్చాయి. విశ్వవిద్యాలయానికి పాతికేళ్లు నిండాయి. కొత్త గ్రంథాలయం మేడ పూర్తయింది. రజతోత్సవాలతో పాటు ఖోఖో పోటీలు కూడా జీడికొండలోనే పెట్టారు. వీసీ పార్వతీశం గారికి సంబరమంటే మహా ఇష్టం. గెలుస్తామో లేదో తెలియకముందే ఆయన ఇంకో గాజుపెట్టె చేయించి పాతదాని పక్కన పెట్టించాడు.

“గెలిచాక చేయిస్తే బాగుండేదేమో సార్” అన్నాడు సన్యాసిరావు మాస్టారు.

“పెట్టె ఖాళీగా ఉంటే పిల్లలకు పౌరుషం వస్తుందయ్యా!” అన్నాడు పార్వతీశం గారు.

వచ్చింది. పైడితల్లికి కొంచెం ఎక్కువే వచ్చింది. సెమీఫైనల్లో ఆమె ఒక్కతే పరిగెత్తింది, ఒక్కతే పట్టుకుంది. మాస్టారు గట్టు మీద నుంచి “ఖో ఇవ్వు! ఖో ఇవ్వమ్మా!” అని గొంతు చించుకున్నాడు. ఆమె వినలేదు. ఎలాగో ఒక్క పాయింటుతో గట్టెక్కారు. జనమంతా “పైడి! పైడి!” అని అరిచారు. వీసీ గారు ఆ సాయంత్రమే ఆమె నిలువెత్తు బొమ్మతో ఫ్లెక్సీ కట్టించాడు. మిగతా ఎనిమిది మంది బొమ్మలూ కింద పోస్టు బిళ్లలంత ఉన్నాయి.

ఆట అయ్యాక కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ నూకరత్నం అనే అమ్మాయి మిగతావాళ్లకు తన వీపు చూపించింది.

“చూడండర్రా, నా చొక్కా ఉతక్కుండానే రేపటికి పనికొస్తుంది.”

“నాదీ అంతేనే” అంది ఇంకో అమ్మాయి. “మనం ఆటకెళ్లామా, పెళ్లి భోజనానికి వరసగా కూర్చున్నామా?”

అందరూ పకపకా నవ్వారు. పైడితల్లి నవ్వలేదు.

“గెలిచాం కదా, ఇంకేటి మీ బాధ?” అంది.

“గెలిచాంలే తల్లీ. కానీ ఒక్కసారైనా నన్ను లేపవే. కాళ్లు తిమ్మిరెక్కిపోయాయి” అంది నూకరత్నం.

“నువ్వు లేచేటప్పటికి వాళ్లు ఇంటికెళ్లి పడుకుంటారు.”

“లేపి చూడు ముందు. లేపకుండానే నా వేగం నీకెలా తెలిసింది?”

పైడితల్లి కుళాయి కట్టేసింది. మొహం తిప్పుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున రజతోత్సవ సభ, సాయంత్రం ఫైనల్. మామిడాకుల తోరణాలు కట్టారు. మైకు ‘హలో, హలో’ అంటూ దగ్గుతోంది. సభకు ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఆ గౌరీశ్వరే. ఆటలో వచ్చిన పేరు వల్ల రైల్వేలో ఉద్యోగం చేస్తోంది. జుట్టు అక్కడక్కడ నెరిసింది గానీ నడక ఇంకా ఆటగత్తె నడకే.

ఆవిడ తిన్నగా గాజుపెట్టె దగ్గరికి వెళ్లి నిలబడింది. తర్వాత కుడిచెయ్యి ఎత్తి, గాజు మీద, సరిగ్గా ఆ గుర్తుకు ఎదురుగా ఆనించింది.

స్తంభం చాటున నిలబడ్డ పైడితల్లి కళ్లు పెద్దవయ్యాయి. ఆ చెయ్యి గుర్తుకు అతికినట్టు సరిపోయింది. అయిదో వేలితో సహా! ఎప్పుడో చిన్నప్పుడు విరిగి సరిగ్గా అతకని చిటికెన వేలు ఆవిడకు పక్కకు వంగి ఉంది.

వీసీ గారి చెయ్యి కాదు, దిష్టి గుర్తూ కాదు. పైడితల్లి ఒక్క ఉదుటున దగ్గరికి వెళ్లింది.

“మేడం! ఈ చెయ్యి మీదా?”

“నాదే.”

“చొక్కా కూడా మీదే కదా?”

గౌరీశ్వరి ఆమెను ఎగాదిగా చూసింది. “నువ్వేనా పైడితల్లివి? గేటు దగ్గర నీ బొమ్మ చూశాను. ఆటగత్తెవి కదమ్మా, నువ్వే చెప్పు. ఎవరి వీపు మీద వాళ్లు ఇలా చెయ్యి వేసుకోగలరా? వేసి చూడు.”

ఇంతలో పార్వతీశం గారు పూలమాలతో పరిగెత్తుకొచ్చాడు. “మేడం, జ్యోతి ప్రజ్వలన! మైకు కూడా బాగైంది!” అంటూ ఆవిడను వేదిక మీదికి తీసుకుపోయాడు.

పైడితల్లి అక్కడే నిలబడిపోయింది. చెయ్యి పైనుంచి వీపు మీదికి వేసి చూసింది. అందలేదు. కిందినుంచి మెలితిప్పి వేసింది. వేళ్లు ఎటో పోయాయి.

“ఏటే, వీపు దురదా?” అని అటు పోతున్న నూకరత్నం అడిగింది. “చెప్పు, గోకుతాను.”

“పోవే” అంది పైడితల్లి. కానీ ఆలోచన ఆగలేదు. చెయ్యి గౌరీశ్వరిదైతే చొక్కా ఆవిడది కాదు. మరి ఎవరిది? గెలిపించిన నాయకురాలి చొక్కా వదిలేసి, పేరు కూడా తెలియని ఇంకెవరి చొక్కానో ఎందుకు దాచారు? ఉపన్యాసాలు అయిపోయాయి, కొత్త గ్రంథాలయానికి రిబ్బను కత్తిరించారు, లడ్డూలు పంచారు. పైడితల్లి చేతిలో లడ్డూ అలాగే ఉండిపోయింది.

సాయంత్రం ఫైనల్ మొదలైంది. అవతలిది పట్నం జట్టు. వాళ్లు ముందురోజు గట్టు మీద కూర్చుని పైడితల్లి ఆట అంతా చూశారు. ఆమె జబ్బు కనిపెట్టేశారు. ఆమె దగ్గరికి రాగానే చటుక్కున వరసలో దూరి అవతలికి పోయేవారు. అక్కడే కూర్చున్న అమ్మాయి ముందు తాపీగా నిలబడేవారు. ఆ అమ్మాయిని ఈమె లేపదని వాళ్లకు తెలుసు కదా!

“దీనికి ఖో రాదే! రా అక్కా, స్తంభం చుట్టి రా, ఇక్కడే ఉంటాం” అని నవ్వేవారు.

పైడితల్లి స్తంభం చుట్టి వచ్చేది. వాళ్లు మళ్లీ ఇవతలికి దూరేవారు. ఆమె మళ్లీ చుట్టేది. మొదటి సగంలోనే ఊపిరి బరువెక్కింది. చూస్తుండగా పట్నం జట్టు ముందుకు పోయింది. ‘పైడి, పైడి’ అనే కేకలు పలచబడ్డాయి. వీసీ గారు కొత్త గాజుపెట్టె ఉన్న నడవా వైపు దిగులుగా చూశాడు.

విరామంలో సన్యాసిరావు మాస్టారు తిట్టలేదు. గ్లూకోజు నీళ్లు ఇచ్చి, “నువ్వు ఎంత పరిగెత్తగలవో లోకానికి తెలిసిపోయిందమ్మా. వీళ్లు ఎంత పరిగెత్తగలరో నీకే తెలీదు” అని మాత్రం అన్నాడు.

రెండో సగంలో మన అమ్మాయిలు పారిపోయే వంతు వచ్చినప్పుడు పట్నంవాళ్లకు ఓ పట్టాన చిక్కలేదు. సెమీఫైనల్ నుంచీ కూర్చునే ఉన్నారేమో, వాళ్ల కాళ్లలో బోలెడు సత్తువ దాగి ఉంది! ఆ తర్వాత తరిమే వంతు. ఈసారి కూడా పైడితల్లి ఒంటరిగానే తరిమింది. ఒక్కొక్కరినే పట్టుకుంటూ, రొప్పుతూ, రెండు జట్లనూ సమానం చేసింది. ఇంకొక్కరు దొరికితే కప్పు జీడికొండది. దొరకాల్సింది పట్నం జట్టు నాయకురాలు. అంపైరు ఈల నోట్లో పెట్టుకుని గడియారం చూస్తున్నాడు.

పైడితల్లి ఆమె వెనక పడింది. దూరం తగ్గింది. ఇంకా తగ్గింది. చెయ్యి చాచితే ఆ అమ్మాయి జడ కొస వేళ్లకు అందీ అందకుండా ఊగింది. ఇంకొక్క అంగ వేస్తే దొరుకుతుంది. గాజుపెట్టె పైడితల్లి కళ్లముందు మెరిసింది. అంతలో ఆ అమ్మాయి నడుం వంచి వరసలోంచి అవతలికి దూరిపోయింది. దూరి, అలవాటు ప్రకారం, అక్కడే నిలబడి నవ్వింది.

పైడితల్లి కాళ్లు స్తంభం వైపు లేచాయి. అలవాటు అలాంటిది మరి. కానీ ఎదురుగా ఒక వీపు కనిపించింది. తెల్లని వీపు. రెండు రోజులుగా ఒక్క మరకా అంటని వీపు. అది నూకరత్నానిది.

అప్పుడు తెలిసింది ఆమెకు. పొద్దుట్నుంచీ తలలో తిరుగుతున్న ప్రశ్నకు జవాబు ఎదురుగానే కూర్చుని ఉంది. పాతికేళ్ల కిందట గౌరీశ్వరి కూడా ఇలాగే పరిగెత్తుకొచ్చి ఉంటుంది. ఇలాగే ఇంకొక్క అంగలో దొరుకుతుందనిపించి ఉంటుంది. అయినా ఆగి ఇంకొకరి వీపు మీద చెయ్యి వేసింది. గాజుపెట్టెలో దాచింది చొక్కాను కాదు, ఆ చేతిని!

పైడితల్లి చెయ్యి టపీమని పడింది.

“ఖో!”

నూకరత్నం ఒక్క క్షణం నమ్మలేకపోయిందో ఏమో తెలియదు గానీ, ఆమె కాళ్లు మాత్రం నమ్మాయి. బాణంలా లేచింది. పట్నం అమ్మాయి మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉంది. దీనికి ఖో రాదని ధీమాగా నిలబడింది కదా! ఆమె కదిలేలోపే నూకరత్నం చెయ్యి ఆమె భుజాన్ని తాకింది.

అప్పుడు మోగింది ఈల.

ఇక చూడండి! జీడితోటల్లో కాకులన్నీ ఒక్కసారి లేచిపోయాయి. డప్పులు మోగాయి. సన్యాసిరావు మాస్టారు గ్లూకోజు డబ్బా పట్టుకునే గంతులేశాడు. పైడితల్లి వరసలో నూకరత్నం చోట అలాగే కూర్చుని ఉంది. కూర్చుంటే ఆట ఇంత బాగా కనిపిస్తుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

పార్వతీశం గారు మైకు అందుకున్నాడు. “మన పైడితల్లి చొక్కాను ఇప్పుడే, ఈ శుభసమయాన, కొత్త గాజుపెట్టెలో...”

“నాది వద్దు సార్” అంది పైడితల్లి. “నూకరత్నానిది పెట్టండి.”

“అదేంటమ్మా? రెండు రోజులుగా పరిగెత్తింది నువ్వు కదా!”

“అందుకే సార్, ఓడిపోబోయాం.”

ఆమె నూకరత్నాన్ని భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పింది. తెల్ల చొక్కా మీద అయిదు వేళ్లూ ఎర్రగా పడి ఉన్నాయి.

“ఓయమ్మ! ఎంత గట్టిగా కొట్టావే, ఇంకా మండుతోంది” అంది నూకరత్నం.

“ఇన్నాళ్ల బాకీ అంతా ఒకేసారి తీర్చానులే” అంది పైడితల్లి. ఈసారి ఆమె కూడా అందరితో కలిసి నవ్వింది.

గౌరీశ్వరి వేదిక దిగి వచ్చింది. పైడితల్లి ఆవిడను అడిగింది. “మేడం, మీ చెయ్యి సంగతి తెలిసింది. ఆ చొక్కా ఎవరిది? పేరేంటి?”

“చిన్నమ్మడు” అంది గౌరీశ్వరి. “ఆ రోజు నేను ఖో ఇచ్చాను, అది పట్టేసింది. గెలిచాక నా చొక్కా ఇమ్మన్నారు. నా చొక్కా మీద ఏముంది, నా చెమట తప్ప? దీని మీదైతే ఇద్దరం ఉన్నాం, ఇది దాచండి అన్నాను. దాచారు గానీ పేరు రాయడం మరిచిపోయారు. నేను గట్టిగా అడగాల్సింది.”

ఆవిడ చేతిసంచిలోంచి ఫోను తీసింది. “ఉండు, దానికి చెబుతాను. ఇన్నాళ్లకు నీ పేరు ఒకరు అడిగారే అని.”

ఇప్పుడు ఆ నడవాలో రెండు గాజుపెట్టెలున్నాయి. రెంటి కిందా రెండేసి పేర్లున్నాయి: చొక్కా ఎవరిదో, చెయ్యి ఎవరిదో.

విన్నారా పిల్లలూ? చేతికొచ్చిన పనిని చివరిదాకా నేనే చేస్తానని పట్టుకు కూర్చోవడం గొప్పతనం కాదు. సమయానికి పక్కవాళ్లను నమ్మి వాళ్లకు అందించగలిగితేనే అందరూ గెలుస్తారు. అదే ఈ కథలో నీతి.

సరే, లేవండి ఇక. అదుగో, ఇళ్లల్లో పోపు వాసన వస్తోంది. వెళ్లి కాళ్లు కడుక్కుని అన్నం తినండి. వడ్డించే గరిటె ఇవాళ కాసేపు అమ్మ చేతిలోంచి మీరు అందుకోండి. అమ్మ ఇవ్వనంటే, పైడితల్లి కథ చెప్పండి.